హిట్టా? ఫట్టా?

బుధవారం మధ్యాహ్నం కాఫీ మిషన్ దగ్గర మొదలవుతుంది. సోమ, మంగళవారాలు నోటికి తాళం వేసుకుని కూర్చున్నవాళ్ళు కూడా కప్పు చేతికి రాగానే నా వైపు తిరిగి, కనుబొమలు కాస్త పైకెత్తి, "వా స్కల్ దూ ఈ హెల్గా?" అంటారు. ఈ శని, ఆదివారాలు ఏం చేస్తున్నావు అని. గురువారం ఇంకొకరు. శుక్రవారమైతే చెప్పనే అక్కర్లేదు. లిఫ్టులో, మెట్ల మీద, ప్రింటర్ దగ్గర, ఆఖరికి చేతులు కడుక్కునే చోట కూడా అదే గోల.

ఏం చేస్తాను నాయనా? బట్టలుతుకుతాను. ఓస్లోలో మా బిల్డింగు సెల్లార్‌లో అన్ని ఇళ్ళకీ కలిపి ఉన్న వాషింగ్ మిషన్లకు ముందే పేరు రాసుకోవాలి, నాకు దక్కేది శనివారం తెల్లవారుజాము. అది కాగానే గ్రోన్‌లాండ్ పేటకి పరిగెత్తి కరివేపాకు, బెండకాయలు తెచ్చుకుంటాను. ఆదివారం ఈ దేశంలో కొట్లు మూత కదా. 100 చదరపు మీటర్లకు మించని బుల్లి కొట్లు తెరుచుకోవచ్చని చట్టంలో ఒక దయగల వాక్యం ఉంది, కానీ ఆ వంద మీటర్లలో పాలు, రొట్టె, సాసేజీలు పట్టగా కరివేపాకుకు చోటు మిగల్లేదు. సాయంత్రం ఇడ్లీకి రుబ్బుతాను. ఈ చలిలో పిండి పులుస్తుందా లేదా అని రాత్రంతా బెంగ పెట్టుకుంటాను. ఆదివారం ఫోనులో అమ్మతో గంట, అత్తగారితో గంటన్నర. మిగిలిన టైములో వారానికి సరిపడా కూరలు. ఇదీ నా హెల్గా. దీన్నంతా నార్వేజియన్‌లో వ్యాకరణంతో సహా చెప్పడం నాకు వచ్చు. చెప్తే వినేవాడి మొహం చూడాలి మీరు. అనవసరంగా ఒకరి కష్టాలు కదిలించానే అని నొచ్చుకున్నట్టు పెడతాడు.

మన ఊళ్ళలో ఎవరైనా "ఏంటండీ విశేషాలు?" అంటే "ఏముంటాయండీ, అంతా మామూలే" అంటాం. అడిగినవాడికీ తెలుసు, విశేషాలు లేవని. చెప్పినవాడికీ తెలుసు, అవతలివాడికి అక్కర్లేదని. ఇద్దరూ సుఖంగా బజ్జీల బండి దగ్గరికి పోతారు. ఇక్కడ అలా కుదరదు. ఇక్కడ విశేషం ఉండి తీరాలి. ఆ విశేషం ఆరుబయట జరగాలి. వీలైతే కొంచెం ఎత్తులో జరగాలి.

నాకు ఒళ్ళు మండేదేమిటంటే, ఓస్లో బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే జనం వీళ్ళు. కూర్చుంటే ఎక్కడ మాట్లాడాల్సి వస్తుందోనని భయం. ఎదురింటివాళ్ళ తలుపు గడియ చప్పుడైతే, వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా లోపలే ఆగి, ఆ తర్వాత బయటికొచ్చే మర్యాద వీళ్ళది. నా జీతం అడగరు, పిల్లలెందరు అని అడగరు, ఒంట్లో ఎలా ఉంది అని కూడా పెద్దగా అడగరు. మరి నా శనివారం ఒక్కటే ఊరందరిదీ ఎందుకైందో!

నేర్చుకోక తప్పలేదు. ఇక్కడ పౌరసత్వం కావాలంటే నార్వేజియన్ మాట్లాడటంలో బి1 స్థాయి చూపించాలని 2022 అక్టోబరు నుంచి నియమం. అంతకుముందు ఒక మెట్టు తక్కువైనా సరిపోయేది. ఆ మౌఖిక పరీక్షలో మనల్ని ఒంటరిగా వదలరు. మనలాంటి ఇంకో అభాగ్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, ఇద్దరూ మాట్లాడుకోండి, మేం వింటాం అంటారు. పెళ్ళిచూపుల్లో తప్ప మరెక్కడా నేనలా మాట్లాడి ఎరగను. నాకు జోడీగా వచ్చినాయన డమాస్కస్ నుంచి వచ్చిన దర్జీ. ఇచ్చిన విషయం సెలవురోజు కబుర్లే. ఆయన తన హిట్టాలో పొయ్యి ఎంత వెచ్చగా ఉంటుందో చెప్పారు. నేను నా హిట్టా కిటికీలోంచి సరస్సు ఎలా కనబడుతుందో వర్ణించాను. ఒకరి హిట్టా గురించి ఒకరం మహా ముచ్చటపడ్డాం. ఆయనకు హిట్టా లేదు, నాకు హిట్టా లేదు. ఇద్దరం పాసయ్యాం.

హిట్టా అంటే కొండల్లోనో, సముద్రపు ఒడ్డునో ఉండే కర్ర ఇల్లు. "వీ స్కల్ పో హిట్టా", మేం హిట్టాకి వెళ్తున్నాం అన్నది ఆ ప్రశ్నకు రాజపత్రం లాంటి జవాబు. దాని సంగతికి వస్తాను. చాలా ఉంది.

సాయంత్రం క్లాసుల్లో మా టీచరమ్మ ముందు చెప్పిన మెళకువ వేరే. జవాబు "నెయ్" అని మొదలుపెట్టాలట. నెయ్ అంటే లేదు, కాదు. ఏం చేస్తున్నావని అడిగితే "లేదు, హిట్టాకి వెళ్తున్నాం" అనాలి. ఎవరు కాదన్నారు, ఏం లేదన్నారు? అబ్బే, ఊరికే. గొప్పలు పోతున్నామని అనుకోకుండా ముందే ఒక కాదు పడేసి ఉంచుతారు. అవతలివాడు చెప్తుంటే మధ్యమధ్య "యా" అనాలి. ఆ "యా" కొందరు ఊపిరి బయటికి వదులుతూ అనరు, లోపలికి పీలుస్తూ అంటారు. ఊళ్ళో ఎవరో పోయారని కబురు తెలిసినప్పుడు మన పెద్దవాళ్ళు "అయ్యో" అనే ముందు ఒక గుక్క పీలుస్తారు చూడండి, అచ్చం అదే. మా ఆఫీసులో ఉత్తరాన ట్రోమ్సో నుంచి వచ్చిన ఒకాయనకు నేను కరివేపాకు కొనడానికి వెళ్తున్నానని చెప్తే ఆ గుక్క పీల్చాడు. కరివేపాకుకేం కాలేదు, బాగానే ఉంది అని చెప్పబోయాను.

పైగా అందరూ ఒకేలా అడిగితే ఎంత బాగుండేది! నార్వేజియన్‌కు రాసే పద్ధతులే రెండు అధికారికంగా ఉన్నాయి. మాట్లాడటానికి వచ్చేసరికి ఎవరి లోయ వాళ్ళది, ఎవరి యాస వాళ్ళది, టీవీలో వార్తలు చెప్పేవాళ్ళు, మంత్రులు కూడా దాచుకోరు. అది మంచిదే. రాయలసీమ మాటను సినిమాల్లో విలన్లకు, తెలంగాణ మాటను హాస్యగాళ్ళకు పంచిపెట్టి ఏళ్ళ తరబడి నవ్విన మనం నేర్చుకోవాల్సినదే. కానీ పరీక్ష పాసై ఆఫీసుకొచ్చిన నా గతి చూడండి. నేను నేర్చుకున్నది "వా స్కల్ దూ ఈ హెల్గా". బెర్గెన్ అమ్మాయి "కా స్కల్ దూ ఈ హెల్గెన్" అంటుంది. స్టవాంగర్ పెద్దమనిషి "కా స్కా దూ ఈ హెల్గో" అంటాడు. ట్రోమ్సో ఆయన వాక్యాన్నే తిరగేసి "కా దూ స్కా ఈ హెల్గా" అంటాడు. టీచరమ్మ మమ్మల్ని నెలల తరబడి బెత్తం ఒక్కటి తక్కువగా బాది నేర్పిన పద క్రమం ఆయనకు వర్తించదు. ఆయన పుట్టిన ఊరు అటువంటిది.

శుక్రవారం మూడింటికి ఇంకో తంతు. ఎవరు కోటు తొడుక్కున్నా "గూ హెల్గ్!" అంటారు, సెలవులు బాగా గడవాలని. దానికి "తక్, దె సమ్మె!" అనాలి, మీకూ అదే అని. ఆ వేళకు మా అంతస్తు గుమ్మంలో నిలబడితే సమ్మె, సమ్మె, సమ్మె అని ఒకటే హోరు. మొదటి శుక్రవారం అది విని మావారు ఫోనులోనే కంగారు పడ్డారు. ఆయన విశాఖ ఉక్కు కాలనీలో పెరిగిన మనిషి. ఏ యూనియనూ, డిమాండ్లేమిటీ అని అడిగారు. డిమాండ్లేం లేవు, కార్లెక్కి కొండలకు పోతున్నారు అన్నాను.

అక్కడితో వదిలిపెడతారా? సోమవారం పొద్దున్నే "వూర్దన్ వార్ హెల్గా?" ఎలా గడిచింది? అంటే శుక్రవారం మనం చెప్పిన దానికి లెక్క అప్పజెప్పాలన్నమాట. అడవికి నడకకు వెళ్తానని చెప్పి ఉంటే వెళ్ళినట్టు ఆనవాళ్ళు చూపాలి. మంచు ఎలా ఉంది, దారి జారుతోందా, ఊక దంపుళ్ళు. వీళ్ళు అబద్ధమాడరు, ఎదుటివాడు ఆడతాడని అనుకోరు. అలాంటివాళ్ళ దగ్గర కోతలు కొయ్యడం చాలా శ్రమ. దీనికి విరుగుడుగా "రూలి హెల్గ్" అని ఒక మాట ఉంది, ప్రశాంతంగా ఉన్నాం, ఏం చెయ్యలేదు అని. ఎంతో బాగుంది అనుకున్నాను. వరసగా కొన్ని వారాలు రూలి, రూలి అంటూ పోయేసరికి మా మేనేజరమ్మ ఒకరోజు కుర్చీ దగ్గరికి లాక్కుని, మెల్లిగా, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగింది.

సరే, నడకకు కూడా పోయి చూశాం. ఇక్కడ ఎవరి అడవిలోనైనా, సాగులో లేని ఎవరి నేలమీదైనా ఎవరైనా నడవొచ్చు, ఇళ్ళకు దూరంగా గుడారం వేసుకుని పడుకోవచ్చు అని 1957లో చట్టమే చేశారు. పక్కవాడి గట్టు మీద కాలుపడితే సర్వేయర్ని పిలిచే జిల్లా నుంచి వచ్చిన నాకు ఆ చట్టం అంటే ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. అభ్యంతరం చట్టంతో కాదు, దాన్ని వాడి తీరాలనడంతో. ఆదివారం పొద్దున హోల్మెన్‌కోలెన్ వైపు పోయే మెట్రో ఎక్కండి, స్కీయింగ్ కర్రల మధ్య ఒదిగి నిలబడటానికి చోటు వెతుక్కోవాలి. ప్రతి సంచీలో ఫ్లాస్కు, నారింజపండు, క్విక్ లున్ష్ అని 1937 నుంచీ వస్తున్న ఒక చాక్లెట్టు. వాన పడుతోంది కదండీ అంటే చెడ్డ వాతావరణం అంటూ ఉండదు, చెడ్డ బట్టలే ఉంటాయి అని ప్రాస కలిసిన సామెత ఒకటి చెప్తారు. సామెతకు తగ్గ బట్టలు కొనడానికి మాకు ఒక నెల జీతం పట్టింది. మావారు వాటిని వేసుకుని సోఫాలో కూర్చుంటారు. చాలా వెచ్చగా ఉన్నాయంటారు.

ఇక హిట్టా.

55 లక్షల చిల్లర జనాభాకు నాలుగు లక్షలకు పైగా హిట్టాలున్న దేశం ఇది. శుక్రవారం మధ్యాహ్నం ఓస్లో నుంచి ఉత్తరానికి పోయే దారి సంక్రాంతికి విజయవాడ దారి పట్టిన హైదరాబాదును తలపిస్తుంది, ఒక్క హారన్ మోగదు అంతే. నగరంలో వీళ్ళ ఇళ్ళు ఎలా ఉంటాయనుకుంటున్నారు? మూడు పొరల అద్దాలు, కుళాయి తిప్పితే పొగలు కక్కే నీళ్ళు, కాళ్ళకింద నేల కూడా కరెంటుతో వెచ్చబడుతుంది. ఆ ఇంటికి తాళం వేసి, మూడు నాలుగు గంటలు కారు నడిపి, నీళ్ళులేని, కరెంటులేని, గడ్డకట్టిన ఇంకో ఇంటికి పోయి, కట్టెలు కొట్టి, మంచు కరగబెట్టి, హమ్మయ్య అంటారు. కొత్త హిట్టాల్లో కరెంటు, షవర్లు, కొన్నింట్లో జకూజీలు కూడా ఉన్నాయి. కాకపోతే అవి ఉన్నవాళ్ళు గొంతు తగ్గించి చెప్తారు. నీళ్ళు లేనివాళ్ళు మాత్రం గొంతెత్తి చెప్తారు.

మా టీములో పెద్దాయన ఒకరు మార్చి నెలలో అందరినీ వాళ్ళ హిట్టాకి పిలిచారు. సరిగ్గా గొంతెత్తి చెప్పే రకం. నాకు సంబరమే. జీవితంలో మొదటిసారి శుక్రవారం ప్రశ్నకు నా దగ్గర ఆణిముత్యం లాంటి నిజం ఉంది. మావారిని పిండికి కాపలా ఉంచి బయల్దేరాను.

కారు రోడ్డు దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణుంచి సామాను స్లెడ్జి మీద వేసి, మోకాళ్ళ లోతు మంచులో లాక్కుంటూ నడక. ఇల్లు ముద్దుగా ఉంది, గడ్డి మొలిచే మట్టికప్పు. వెళ్ళగానే కట్టెల పొయ్యి. కట్టెలంటే వీళ్ళకు మనం అనుకున్నంత ఆషామాషీ కాదు. 2013 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి ఎన్నార్కే, అంటే ఇక్కడి ప్రభుత్వ టీవీ, కట్టెల మీద 12 గంటల కార్యక్రమం వేసింది. 4 గంటలు కట్టెలు కొట్టడం, పేర్చడం గురించి చర్చ. తర్వాత 8 గంటలు పొయ్యిలో మంట. అంతే, మంట. జనం గుడ్లప్పగించి చూశారు, ఫిర్యాదులు కూడా పంపారట, పేర్చిన దుంగల బెరడు పైకి ఉందని సగం మంది, కిందికి ఉందని సగం మంది. పెద్దాయన పేర్చింది పైకో కిందికో నేను గమనించలేదు. నా ధ్యాసంతా వేరే చోట ఉంది.

ఊతెదూ ఎక్కడుందని అడిగాను. అంటే మరుగుదొడ్డి. ఆయన కిటికీలోంచి వేలు చూపించారు. చెట్ల మధ్య, మంచులో, ఒంటరిగా, తలుపుకు హృదయం ఆకారంలో ఒక బెజ్జం. ఎవరి హృదయం అది, ఎవరి కోసం, నాకిప్పటికీ అర్థం కాలేదు. గాలి కోసమట. గాలికి గుండ్రటి బెజ్జం పనికిరాదా?

చేతిదీపం పట్టుకుని వెళ్ళాను. లోపల ఒక చెక్క అరుగు. అరుగు మీద థర్మోకోల్‌తో చేసిన సీటు. నవ్వకండి, ఆ చలిలో వెచ్చగా తగిలేది అదొక్కటే. నా దృష్టిలో మానవజాతి థర్మోకోల్‌కు పెట్టిన ఉపయోగాల్లో వినాయక మంటపాలకంటే ఇదే గొప్పది. పక్కన ఒక డబ్బా నిండా బెరడు పొట్టు, పని అయ్యాక చల్లడానికి. తల ఎత్తితే ఎదురుగా గోడ మీద, చక్కటి ఫ్రేములో, రాజుగారు, రాణిగారు. నేను గబుక్కున లేచి నిలబడ్డాను. ఆయన ఐదో హరాల్డ్, ఆవిడ సోన్యా రాణి, ఇద్దరూ చిరునవ్వుతో నన్నే చూస్తున్నారు. తర్వాత తెలిసింది, పాత ఊతెదూల్లో రాజకుటుంబం బొమ్మ పెట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీ అని. వెటకారం కాదు, ప్రేమే. మన ఊళ్ళో ఏ నాయకుడి బొమ్మనైనా దొడ్లో పెట్టి చూడండి, సాయంత్రానికి రాస్తారోకో.

నీళ్ళ సంగతి చెప్పను. ఒక సీసా పట్టుకెళ్ళాను, అది గడ్డకట్టడం మొదలుపెట్టింది అని మాత్రం చెప్తాను. ఈ వ్యాసం చదివే తెలుగువాళ్ళకు అంతకుమించి వివరాలు అక్కర్లేదు.

అసలు వింత అది కాదు. అరుగు మీద బెజ్జాలు రెండు. పక్కపక్కనే. చిన్నదొకటి, పెద్దదొకటి కాదు, రెండూ ఒకే కొలత. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తకూడదని తెలిసినా ఉండబట్టలేక అడిగాను. "పూర్వం కలిసి వెళ్ళేవాళ్ళు. చీకటి కదా, కబుర్లు చెప్పుకుంటూ కూర్చునేవాళ్ళు" అన్నారు పెద్దాయన, చేప ముల్లు తీస్తూ. నేను చెంచా కింద పెట్టేశాను. బస్సులో పక్క సీట్లో కూర్చోరే! ఎదురింటాయన కనబడతాడని తలుపు వెనక నక్కుతారే! వీళ్ళ నోరు విప్పడానికి అనువైన చోటు ఇదన్నమాట. కాఫీ మిషన్ పక్కన నిలబడి సెలవుల గురించి ఎందుకంత ఇబ్బంది పడుతూ అడుగుతారో నాకు అప్పుడు బోధపడింది. పాపం, తగిన ఆసనం లేక.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. వాళ్ళ ఊళ్ళో దొడ్డి పెరటి చివర, చింతచెట్టు కింద ఉండేది. రాత్రిపూట తేళ్ళకు భయపడి లాంతరు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. దాన్ని ఇంట్లోకి తెప్పించడానికి ఆవిడ తాతయ్యతో సగం జీవితం పోట్లాడింది. ఇంట్లోకి అదేమిటి, పక్కన దేవుడి గది ఉండగా అని ఆయన మొరాయింపు. చివరికి తెల్లటి టైల్సుతో, కుళాయితో, వరండా పక్కన కట్టించుకుని, కట్టాక పేరంటానికి వచ్చినవాళ్ళందరికీ తలుపు తీసి చూపించింది. ఆ అమ్మమ్మకు మనవరాలినై, ఆవిడ గెలిచిన యుద్ధాన్ని ఓడిపోవడానికి నేను కొండెక్కి వచ్చాను. ఇలాంటి చోటు కొనాలంటే మన డబ్బుల్లో కోట్లు పెట్టాలని కూడా తెలిస్తే ఆవిడ ఏమనేదో రాయడానికి ఏ పత్రికా ఒప్పుకోదు.

అయినా సోమవారం కోసం ఓర్చుకున్నాను. ఆదివారం రాత్రి బస్సులో వాక్యాలన్నీ పేర్చుకున్నాను, పొయ్యి, మంచు, వాఫిల్స్, అన్నీ భూతకాలంలో. సోమవారం పొద్దున కాఫీ మిషన్ దగ్గరికి వెళ్ళి అందరికీ కనబడేలా నిలబడ్డాను. ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు, అందరూ అక్కడే ఉంటిరి కదా! "తక్ ఫర్ సిస్ట్" అన్నారు ఒక్కొక్కరూ, మొన్నటి కలయికకు థ్యాంక్స్ అని. అనేసి ఎవరి కుర్చీలోకి వాళ్ళు.

ఆ హిట్టాలో ఇంకొకటి చూశాను. పొయ్యి పక్క అలమరలో అట్టలు నలిగిన పుస్తకాలు కొన్ని. హిట్టెబూక్ అంటారు, ప్రతి ఇంట్లోనూ ఉంటుందట. వచ్చినప్పుడల్లా తేదీ వేసి, ఎవరెవరు వచ్చారో, ఎండో వానో, ఏ చేప పడిందో రెండు ముక్కలు రాస్తారు. పెద్దాయన వాళ్ళ నాన్న చేతిరాత తీసి చూపించారు. ఆ ఇల్లు కట్టినాయన. ఏదో ఏప్రిల్‌లో, పిల్లాడికి జ్వరం తగ్గింది, మంచు మెత్తబడింది అని రాసి ఉంది. ఆ పిల్లాడు నా పక్కన కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. అమ్మమ్మగారి ఇంటికి ఇప్పుడు తాళం. తాళంచెవి పక్కింటివాళ్ళ దగ్గర ఉంటుంది, పండక్కి ముందు తీసి ఊడుస్తారు. ఇండియా వెళ్ళినప్పుడు ఒక పూట వెళ్తాం, కారు ఏసీ ఆపకుండా బయటే నిలబెట్టి. ఆ వరండాలో చెప్పాపెట్టకుండా వచ్చి భోంచేసి పోయిన ఆదివారపు మనుషులు ఎంతమందో, ఎవరెవరో. ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అక్కడ మమ్మల్ని ఏం చేస్తున్నారని ముందుగా అడిగినవాళ్ళు లేరు, అడగాల్సిన పనీ ఉండేది కాదు. ఈమధ్య హైదరాబాదులో మా పెద్దమ్మ కూతురింటికి వెళ్తానంటే "వచ్చే ముందు ఒక మెసేజ్ పెట్టు, వీకెండు మేం శంకర్‌పల్లి ఫార్మ్‌హౌస్‌లో ఉంటాం" అంది.

మొన్న గురువారం మళ్ళీ వచ్చాడు, ట్రోమ్సో ఆయన, తిరగేసిన వాక్యంతో. ఇక నా వల్ల కాలేదు. నెయ్ లేదు, నడక లేదు, హిట్టా లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "పప్పూ బియ్యం రుబ్బి పిండి పులియబెడతాను. అది పులవదు. అదే నా హెల్గా. ప్రతివారం అంతే."

ఆయన గుక్క పీల్చలేదు. కప్పు కింద పెట్టాడు.

"ఈస్టు వేస్తావా?"

"వెయ్యను. దానంతటదే పులవాలి."

"ఎన్ని గంటలు?"

"మా ఊళ్ళో ఒక్క రాత్రి. ఇక్కడ దేవుడి దయ. ఓవెన్‌లో దీపం వేసి పెడతాను, కంబళి కప్పుతాను, నూటికోసారి పొంగుతుంది."

మనిషి మారిపోయాడు. ఆయన ఇంట్లో పుల్లటి రొట్టెపిండి ఏళ్ళ తరబడి పెంచుతున్నాడట, దానికి మేత వేస్తాడట, ఊరెళ్ళేటప్పుడు అక్కకు అప్పగించి వెళ్తాడట. ఎంత వేడి ఉండాలి, ఏ గిన్నె, మూత బిగించాలా వదులుగానా, ఉప్పు ముందా తర్వాతా, పావుగంట నిలబడి మాట్లాడాం. వెనక క్యూ పెరిగింది. బెర్గెన్ అమ్మాయి కూడా వాళ్ళ అమ్మ వాడే పద్ధతి ఒకటి చెప్పింది. ఈ దేశంలో అడుగుపెట్టాక ఎవరితోనైనా నేను మాట్లాడిన మొదటి మాటలు అవేనేమో అనిపించింది, అంతకుముందువి అప్పజెప్పడాలు. ఆఖర్న ఆయన గొంతు తగ్గించి, ఇదంతా దేనికి, మీ ఇంట్లో బాత్రూమ్ నేల కింద వేడి తీగలున్నాయా అని అడిగాడు.

ఉన్నాయి. ఇక్కడ చాలా ఇళ్ళలో ఉంటాయి.

"అయితే గిన్నె తీసుకెళ్ళి అక్కడ పెట్టు. మా ఊళ్ళో పిండి అక్కడే పొంగిస్తాం."

బాత్రూమ్‌లో ఇడ్లీపిండి! రుబ్బిన పిండిని మడి కట్టుకుని కానీ ముట్టుకోనివ్వని అత్తగారు ఉన్నారని ఆయనకు ఏ యాసలో చెప్పను? శనివారం రాత్రి పదింటిదాకా ధర్మసంకటం. పదింబావుకు నేల తుడిచి, పీట వేసి, పీట మీద గిన్నె పెట్టి, గిన్నె మీద మూత పెట్టి, ఆపైన శుభ్రమైన తువ్వాలు కప్పి, తలుపు వేసి వచ్చి పడుకున్నాను. పొద్దున మూత లేచి ఉంది. పిండి అంచులు దాటి తువ్వాలును తాకింది. మా తెనాలిలో కూడా అంత బాగా పొంగగా చూడలేదు. పొంగిన పిండి ముందు గొంతుక్కూర్చుని ఫోటో తీస్తుంటే మావారు భుజాన టవల్ వేసుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయారు. పిండిని చూశారు, నన్ను చూశారు, షవర్ వైపు చూశారు.

"మరి నా స్నానం?"

"ఇవాళ ఆదివారమేగా, ఎక్కడికీ వెళ్ళేది లేదుగా," అన్నాను, "అట్టుకు కూడా కాస్త పులవనివ్వండి."